‘డై’ అనే ఒక్క మాట వెనుక



ఈ నెల ఈ శీర్షికలో మేము ఒక తప్పు ఒప్పుకోవలసి ఉంది. అది ఇతరులు చేసినది కాదు, మేము చేసినదే. అటువంటి తప్పు మీ ఇంట జరగకూడదన్న ఉద్దేశంతోనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

మా మదరసా గేటుకు ఎదురుగా ఒక దర్జీ సోదరుని దుకాణం ఉంది. ఇరవై ఏళ్ళుగా మా విద్యార్థుల కుర్తాలు, పైజామాలు ఆయన చేతిలో తయారైనవే. ఆయనకు చాలాకాలంగా షుగరు ఉంది. నాలుగేళ్ళ క్రితం ఒకనాడు అసర్ నమాజు తర్వాత ఆయన మా గదికి వచ్చి ఒక కాగితం మా చేతిలో పెట్టారు. కుడి కంటి చూపు మసకబారితే నగరంలో ఒక కంటి ఆసుపత్రికి వెళ్ళారట. డై ఎక్కించి కంటి లోపలి ఫోటోలు తీయాలని అక్కడివారు చెప్పి, సంతకం చేసి తెమ్మని ఆ కాగితం ఇచ్చారట. అది ఇంగ్లీషులో ఉంది. అందులో ఏముందో ఎవరూ ఆయనకు చదివి చెప్పలేదు.

“హజ్రత్, డై ఎక్కిస్తే కిడ్నీలు పోతాయంటున్నారు. మా బావకు గుండె పరీక్షకు డై ఎక్కించిన తర్వాతే కదా డయాలసిస్ మొదలయింది! నన్నేం చేయమంటారు?” అని అడిగారు.

మేము వైద్యులం కాము. ‘మాకు తెలియదు, తెలిసినవారిని అడుగుదాం పదండి’ అని ఉంటే సరిపోయేది. కానీ గడ్డం నెరిసినవారిని అడిగిన ప్రతి ప్రశ్నకూ సమాధానం ఉండాలనుకునే బలహీనత ఒకటి ఉంటుంది. “ఒంట్లోకి రంగు ఎక్కించుకోవడం ఎందుకు భాయ్? కొన్నాళ్ళు చుక్కల మందు వాడి చూడండి. అల్లాహ్ నయం చేస్తాడు” అన్నాము. ఆయన మా మాటను గౌరవించి ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు.

ఏడు నెలల తర్వాత ఒక ఉదయం ఆయన కుడి కంటి ముందు నల్లని తెర దిగింది. కంటి లోపల రక్తస్రావం జరిగిందని వైద్యులు చెప్పారు. ఆపరేషన్ చేశారు గాని, ఆ కంటికి మనిషి ముఖం గుర్తుపట్టేంత చూపు తిరిగి రాలేదు. ఆయన మమ్మల్ని ఒక్క మాట అనలేదు. “నా తఖ్దీర్ హజ్రత్” అన్నారు. తఖ్దీర్ మీద మాకూ విశ్వాసముంది. అయితే మా అజ్ఞానాన్ని తఖ్దీర్ చాటున దాచుకునే హక్కు మాకు లేదు. సలహా అడిగినవాడు మన చేతికి ఒక అమానతు అప్పగించినట్లే. ఆ అమానతులో మేము ఖియానతు చేశామన్న బాధతో, ఆ ‘డై’ ఏమిటో నేర్చుకోవడం మొదలుపెట్టాము. ఆ కంటి వైద్యుణ్ణి అడిగాము. స్కానింగ్ విభాగంలో పనిచేస్తున్న మా పూర్వ విద్యార్థిని కూర్చోబెట్టుకుని పాఠం చెప్పించుకున్నాము. తెలిసినంతవరకు ఇక్కడ పెడుతున్నాము.

ఒకే పేరు, వేర్వేరు మందులు

మేడ మీది నీళ్ళ తొట్టి ఎక్కడో కారుతూ ఉంటుంది, చోటు తెలియదు. అప్పుడు నీటిలో కాస్త నీలిమందు కలిపి చూస్తారు. నీలి మరక ఎక్కడ తేలితే అక్కడే పగులు. వైద్యులు ఎక్కించే డై చేసే పని కూడా స్థూలంగా ఇంతే. అది రోగాన్ని నయం చేయదు, కనబడని దానిని కనబడేటట్లు చేస్తుంది. వైద్యుల భాషలో దానిని కాంట్రాస్ట్ అంటారు. చుట్టూ ఉన్నవాటి నుండి ఒకదానిని వేరుచేసి చూపేది అని దాని భావం.

అయితే నీలిమందు నీటికి పనికొస్తుంది గాని, గోడలోని కరెంటు తీగను చూపదు. అలాగే దేనితో చూస్తున్నారన్న దానిని బట్టి డై మారిపోతుంది. ఎక్స్‌రేతో చూసే సీటీ స్కాన్‌లోనూ, గుండె యాంజియోగ్రామ్‌లోనూ వాడేది అయోడిన్ కలిసిన మందు. ఎంఆర్ఐలో వాడేది గాడోలినియం అనే లోహంతో చేసిన మందు. అల్ట్రాసౌండ్‌లో, అంటే ధ్వనితో చూసే పరీక్షలో, వాడేవి వాయువు నింపిన అతి సూక్ష్మమైన బుడగలు. వెలుగుతో చూసే పరీక్షల్లో వాడేవి నిజమైన రంగులు. ఈ నాలుగింటినీ మన ఇళ్ళలో ‘డై’ అనే ఒక్క మాటతోనే పిలుస్తున్నాము. చిక్కంతా అక్కడే ఉంది.

మూత్రపిండాల భయం ప్రధానంగా మొదటి రకానికి సంబంధించినది. అయోడిన్ డై మూత్రపిండాల గుండా బయటికి పోతుంది. అవి అప్పటికే బాగా బలహీనపడి ఉన్నవారిలో జాగ్రత్త అవసరం. అందుకే ముందుగా క్రియాటినిన్ పరీక్ష చేయిస్తారు. అంతమాత్రాన ఆ డై కూడా అందరికీ విషం కాదు. గుండెపోటు వేళ దానిని నిరాకరించడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. మా దర్జీ సోదరుడు భయపడింది ఈ డైకి. ఆయనకు ఇవ్వబోయింది మరొకటి. ఆ తేడా ఆయనకు తెలియదు, మాకూ తెలియదు.

కంటి వెనుక పసుపు వెలుగు

ఆయనకు ఇవ్వవలసిన మందు పేరు ఫ్లోరసీన్. 1871లో జర్మనీ రసాయన శాస్త్రవేత్త అడాల్ఫ్ ఫాన్ బేయర్ దీనిని తయారుచేశారు. దీని గుణం విచిత్రమైనది. నీలి కాంతిని దీనిపై ప్రసరింపజేస్తే ఇది పసుపుపచ్చని కాంతితో మెరుస్తుంది. చేతి నరంలోకి ఎక్కించిన పది పదిహేను సెకన్లలో రక్తంతో కలిసి కంటికి చేరుతుంది. అప్పుడు నీలి కాంతి వేసి, పసుపుపచ్చని వెలుగును మాత్రమే పట్టుకునే కెమెరాతో వరుసగా ఫోటోలు తీస్తారు. కంటి వెనుక పొరలోని సన్నని రక్తనాళాలన్నీ చెట్టు కొమ్మల వలె వెలిగి కనబడతాయి.

ఆరోగ్యంగా ఉన్న కంటిలో ఈ మందు నాళం గోడ దాటి బయటికి రాదు. షుగరు వల్ల గోడలు దెబ్బతిన్నచోట కారుతుంది. రక్తం అందని చోట్ల ఆ పొర చీకటిగా ఉండిపోతుంది. ఆ కొరత తీర్చడానికి శరీరం హడావుడిగా పుట్టించే కొత్త నాళాలు మరీ పెళుసైనవి. అవి ఫోటోలో మసక మసకగా వెలుగు కక్కుతాయి. ఒకనాడు పగిలి కంటిని రక్తంతో నింపేవి సాధారణంగా అవే. ఎక్కడ లేజర్ చేయాలో, ఎక్కడ ఇంజెక్షన్ అవసరమో వైద్యునికి ఆ ఫోటో దారి చూపుతుంది. మా సోదరుని కంటిలో తెర దిగడానికి ఏడు నెలల ముందు ఆ ఫోటో తీసి ఉంటే ఆ నాళాలు కనబడి ఉండేవని ఆయన వైద్యుడు మాతో చెప్పారు. ఆ మాట విన్న రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

ఈ పరీక్షను రూపొందించింది పేరుమోసిన ఆచార్యులు కారు. అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయంలో వైద్యం చదువుతున్న హెరాల్డ్ నవాట్నీ, డేవిడ్ ఆల్విస్ అనే ఇద్దరు విద్యార్థులు. మొదట మందు ఎక్కించి ఫోటో తీసింది ఆల్విస్ కంటికే. వారి వ్యాసాన్ని కంటి వైద్య పత్రికలు తిరస్కరించాయి. చివరికి 1961లో గుండె, రక్తనాళాల వైద్యానికి సంబంధించిన ‘సర్క్యులేషన్’ అనే పత్రిక ప్రచురించింది.

చూపు కంటి నుండి బయలుదేరే కిరణం వల్ల కలగదని, వస్తువు నుండి కంటికి చేరే వెలుగు వల్ల కలుగుతుందని పదకొండవ శతాబ్దంలోనే ఇబ్నుల్ హైసమ్ తన ‘కితాబుల్ మనాజిర్’లో నిరూపించారు. ఆయన పేరు మేము తరగతిలో గర్వంగా చెప్పుకుంటాము. ఆయన పద్ధతి మాత్రం, అంటే పరీక్షించి చూడనిదే పెద్దల మాటనైనా అంగీకరించకపోవడం, అవసరమైన రోజున మాకు గుర్తుకు రాలేదు.

ఇక భయాల మాట. ఫ్లోరసీన్ ఎక్కించిన తర్వాత కొన్ని గంటలపాటు చర్మం పసుపు రంగులో కనబడుతుంది. మూత్రం ఒక రోజు, ఒకటిన్నర రోజు వరకు ముదురు పసుపుగానో నారింజ రంగులోనో వస్తుంది. ఇవి కామెర్లు కావు, రక్తమూ కాదు. రెండవ కంటిని కాపాడుకోవడానికి మా సోదరుడు ఎట్టకేలకు ఈ పరీక్ష చేయించుకుని ఇంటికి వచ్చినప్పుడు, ముందే చెప్పినవారు లేక ఆయన భార్య కామెర్లని గుండెలు బాదుకున్నారు. కొందరికి సూది వేసిన నిమిషంలో కడుపులో తిప్పినట్లవుతుంది, కొందరికి వాంతి అవుతుంది, వెంటనే తగ్గిపోతుంది. తీవ్రమైన అలర్జీ అరుదు. 1986లో అమెరికాలో ప్రచురితమైన ఒక పెద్ద సర్వే ప్రకారం సుమారు 1,900 పరీక్షలకు ఒకటి చొప్పున తీవ్ర ప్రతిచర్య, 2,22,000 పరీక్షలకు ఒకటి చొప్పున మరణం సంభవించాయి. ప్రమాదం అసలు లేదని చెప్పడం అబద్ధం. ఉన్న ప్రమాదాన్ని చూపు పోయే ప్రమాదంతో పోల్చకుండా చెప్పడం కూడా ఒక విధమైన అబద్ధమే. మేము చేసింది ఆ రెండవది.

ఈ రోజుల్లో సూది లేకుండానే, ఎర్ర రక్తకణాల కదలికను కాంతితో పసిగట్టి నాళాలను చూపే ఓసీటీ యాంజియోగ్రఫీ అనే పరీక్ష కూడా వచ్చింది. చాలామందికి అది సరిపోవచ్చు. అయితే నాళం ఎక్కడ కారుతున్నదో అది డై వలె చూపలేదు. రెండింటిలో ఏది అవసరమో వైద్యుడే నిర్ణయించాలి. రెండవది సరిపోతుందా అని అడిగే హక్కు మనకుంది.

ఒక ఆకుపచ్చ రంగు చేసిన మూడు మేళ్ళు

రాత్రి కరెంటు పోయినప్పుడు పిల్లలు టార్చిలైటు మీద అరచేయి పెట్టి ఆడుకుంటారు. చేయి ఎర్రగా వెలుగుతుంది. రక్తం నీలి, ఆకుపచ్చ కాంతులను మింగివేస్తుంది, ఎరుపును కొంతవరకు దాటనిస్తుంది. కంటికి కనబడని పరారుణ కాంతి మరికాస్త లోతుకు పోగలదు. ఆ కాంతిలో పనిచేసే రంగు ఇండోసయనీన్ గ్రీన్. 1950ల మధ్యలో అమెరికాలోని మేయో క్లినిక్‌లో గుండె ఎంత రక్తాన్ని తోస్తున్నదో కొలవడానికి దీనిని వాడసాగారు. 1959లో అక్కడి ప్రభుత్వ అనుమతి లభించింది.

ఇది మూత్రపిండాల దారి పట్టదు. కాలేయం దీనిని గ్రహించి పైత్యరసంతో పేగులలోకి పంపివేస్తుంది. మూడు నాలుగు నిమిషాలలోనే రక్తంలో సగానికి తగ్గిపోతుంది. కంటి లోతైన పొరలలోని నాళాలను చూడడానికి, పిత్తాశయం ఆపరేషన్‌లో పైత్యనాళం తెగకుండా గుర్తించడానికి, రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్‌లో మొదటి లింఫు గ్రంథిని వెతకడానికి శస్త్రవైద్యులు దీనిని వాడుతున్నారు. ఈ మందు పొడిలో కొద్దిగా అయోడైడ్ ఉంటుంది కనుక అయోడిన్ అలర్జీ ఉన్నవారు తప్పక ముందే చెప్పాలి. ఇది మొదటి మేలు.

రెండవ మేలు అనుకోకుండా జరిగింది. 1968లో రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో రేమండ్ గ్రామియాక్, ప్రవీణ్ షా అనే వైద్యులు ఒక పరిశీలన ప్రచురించారు. గుండెను అల్ట్రాసౌండ్‌తో చూస్తూ సన్నని గొట్టం ద్వారా ఈ ఆకుపచ్చ రంగును ఎక్కించినప్పుడు, అప్పటివరకు నల్లగా ఉన్న చోట ఒక్కసారిగా తెల్లని మేఘం కమ్మింది. వెలుగు కోసం చేసిన రంగుకు ధ్వనితో సంబంధమేమిటి? తర్వాతి పరిశీలనల్లో అసలు సంగతి తేలింది. ఆ మేఘం రంగు వల్ల వచ్చింది కాదు. ద్రవాన్ని వేగంగా ఎక్కించినప్పుడు అందులో ఏర్పడిన సూక్ష్మమైన గాలిబుడగలే ధ్వనిని తిప్పికొట్టాయి. అల్ట్రాసౌండ్ డైకి పునాది అక్కడ పడింది.

మూడవ మేలు మీ ఇంటి బీరువాలోనే ఉండి ఉంటుంది. జపాన్‌లో టకువో అవొయాగి అనే ఇంజనీరు ఇదే ఆకుపచ్చ రంగును చెవి తమ్మెలో వెలుగుతో కొలుస్తుండగా, నాడి కొట్టుకున్నప్పుడల్లా లెక్క చెడిపోతూ వచ్చింది. ఆ చెరుపును సరిదిద్దే ప్రయత్నంలో, ఆ నాడి కదలికలోనే రక్తంలోని ఆక్సిజన్ లెక్క దాగి ఉన్నదని గ్రహించి 1974లో ఆ సూత్రాన్ని ప్రకటించారు. కరోనా రోజుల్లో మనం వేలికి తగిలించుకున్న పల్స్ ఆక్సీమీటరు దాని ఫలితమే. ఆ పరికరం ప్రపంచమంతటా ఇంటింటికీ చేరుతున్న 2020 ఏప్రిల్‌లోనే ఆయన కన్నుమూశారు.

మా కడుపులో బుడగలు

గత సంవత్సరం ఈ పాఠం మా ఒంటి మీదికే వచ్చింది. కడుపునొప్పికి స్కానింగ్ చేయిస్తే కాలేయంలో మూడు సెంటీమీటర్ల మచ్చ ఉన్నదన్నారు. ‘గడ్డ’ అన్న మాట వినగానే ఇంట్లో అన్నం సహించలేదు. జిద్దాలో ఉన్న మా పెద్దబ్బాయి రోజుకు రెండుసార్లు ఫోన్ చేసేవాడు. సీటీ తీద్దామంటే మా క్రియాటినిన్ అప్పటికే ఎక్కువగా ఉంది. హైదరాబాదులో ఒక పెద్ద ఆసుపత్రిలో వైద్యుడు, “అల్ట్రాసౌండ్‌లోనే డై ఇచ్చి చూద్దాం మౌలానా సాబ్” అన్నారు. ఇంతకాలం చదివి కూడా, ఆ మాట వినగానే మా కాళ్ళు వణికాయి. దర్జీ సోదరుడు ఆనాడు ఎలా నిలబడి ఉన్నారో అప్పుడు మాకు అర్థమయింది.

ఈసారి అడిగాము. ఆ వైద్యుడు విసుగుకోకుండా చెప్పారు. అల్ట్రాసౌండ్ యంత్రం ధ్వనిని పంపి దాని ప్రతిధ్వనిని వింటుంది. రక్తం నుండి వచ్చే ప్రతిధ్వని చాలా బలహీనమైనది, అందుకే రక్తం తెరపై నల్లగా కనబడుతుంది. వాయువు నింపిన బుడగ ధ్వని తగలగానే ముడుచుకుంటూ, విచ్చుకుంటూ మోగుతుంది. దాని మోత తీరు శరీర కండరాల మోతకు భిన్నం కనుక యంత్రం దానిని వేరుచేసి వినగలదు. ఒక్కో బుడగ కొన్ని మైక్రాన్ల పరిమాణంలో, ఎర్ర రక్తకణం కన్నా చిన్నదిగా ఉంటుంది. అందుచేత అతి సన్నని నాళాలను కూడా అడ్డుపడకుండా దాటిపోతుంది. అయితే నాళం గోడ దాటి బయటికి పోదు.

మొదట్లో గాలితో చేసిన బుడగలు రక్తంలో వెంటనే కరిగిపోయేవి. అందుకే రక్తంలో సులువుగా కరగని బరువైన వాయువులను, పలుచని కొవ్వు పొరతో గాని ప్రోటీన్ పొరతో గాని చుట్టడం నేర్చుకున్నారు. మాకు ఇచ్చిన సోనోవ్యూ అనే మందులో ఉన్నది సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్. ఐరోపాలో దీనికి 2001లో అనుమతి వచ్చింది. అమెరికాలో లూమాసన్ అనే పేరుతో 2014లో గుండె పరీక్షలకు, 2016లో పెద్దల, పిల్లల కాలేయ పరీక్షలకు అనుమతించారు. ఒక మోతాదులో ఉండే మొత్తం వాయువు ఒక నీటిచుక్కలో సగం కూడా ఉండదు. పావుగంటలో అది ఊపిరితో బయటికి పోతుంది. మూత్రపిండాలకు దీనితో పని లేదు.

పాలవలె తెల్లగా ఉన్న ఆ ద్రవాన్ని ఎడమచేతి నరంలోకి ఎక్కించి, వెంట కాస్త సెలైన్ పంపారు. నల్లని తెరపై పదిహేను సెకన్లు గడిచాయో లేదో, చీకటి పడ్డాక ఊరిలో దీపాలు ఒకటొకటిగా వెలిగినట్లు కాలేయం వెలగసాగింది. మచ్చ మాత్రం మొదట నల్లగానే ఉంది. తర్వాత దాని అంచున ముద్దలు ముద్దలుగా వెలుగు మొదలై, నెమ్మదిగా నడిమికి నిండింది. ఐదు నిమిషాలైనా ఆ వెలుగు తగ్గలేదు. క్యాన్సర్ గడ్డ అయితే సాధారణంగా రక్తాన్ని తొందరగా నింపుకుని, చుట్టూ ఉన్న కాలేయం కన్నా ముందుగా వెలుగు కోల్పోతుందట. “ఇది హిమాంజియోమా, రక్తనాళాల ముడి మాత్రమే. మందు అక్కర్లేదు” అని వైద్యుడు చెప్పారు. అల్హందులిల్లాహ్ అని మేము లేచి కూర్చున్నాము.

ఈ పరీక్షకూ హద్దులున్నాయి. లావుగా ఉన్నవారిలో, పేగుల్లో గాలి అడ్డుపడినప్పుడు బొమ్మ సరిగా రాదు. ఒక వేళకు ఒక భాగాన్నే చూడగలరు. అనుభవమున్న చేయి కావాలి. అన్ని ఊళ్ళలోనూ దొరకదు. తీవ్రమైన ప్రతిచర్య దాదాపు పదివేల మందిలో ఒకరికి రావచ్చు, వస్తే సాధారణంగా మొదటి అరగంటలోనే వస్తుంది. 2007లో అమెరికా ప్రభుత్వ సంస్థ ఈ మందులపై తీవ్రమైన హెచ్చరిక ముద్రించింది. మరిన్ని పరిశీలనల తర్వాత 2008లో దానిని సడలించింది. 2021లో పాలీఇథిలీన్ గ్లైకాల్ అనే పదార్థం పడనివారు జాగ్రత్త వహించాలని చేర్చింది. తీవ్రమైన గుండె, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారు ఆ సంగతి దాచకూడదు.

మరో సంగతి. మన ఊళ్ళలో తరచుగా రాసే ‘కలర్ డాప్లర్’ పరీక్షలో ఏ డై ఉండదు. తెర మీద ఎరుపు, నీలం రంగులు యంత్రం వేసేవి. రక్తం ఎటు ప్రవహిస్తున్నదో చెప్పే గుర్తులు మాత్రమే. ఆ పేరు చూసి గర్భిణీ స్త్రీలు భయపడనక్కర్లేదు.

గుండెలో రంధ్రం ఉన్నదేమో చూడడానికి చేసే ‘బబుల్ పరీక్ష’లో ఖరీదైన మందే ఉండదు. సెలైన్‌లో రవంత గాలి కలిపి రెండు సిరంజిల మధ్య అటూ ఇటూ తోసి, ఆ నురుగును నరంలోకి ఎక్కిస్తారు. ఈ పెద్ద బుడగలు ఊపిరితిత్తులను దాటలేవు. గుండె కుడి భాగం నుండి మూడు నాలుగు కొట్టుకోళ్ళలోనే ఎడమ భాగంలో కనబడితే, మధ్యలో దారి ఉన్నదని అర్థం.

ఇప్పుడు వెలుగును, ధ్వనిని కలిపి చూసే విధానం కూడా వచ్చింది. లేజర్ కాంతిని రెప్పపాటులో వెయ్యవ వంతు కన్నా తక్కువసేపు వేస్తే, దానిని పీల్చుకున్న రక్తం లేశమాత్రం వేడెక్కి, వ్యాకోచించి, చిన్న శబ్దం చేస్తుంది. ఆ శబ్దాన్ని అల్ట్రాసౌండ్ యంత్రం వింటుంది. వెలుగు తగిలితే పదార్థం శబ్దం చేస్తుందని గ్రహాంబెల్ 1880లోనే గమనించారు. ఇక్కడ మన రక్తమే మనకు డై. అవసరమైతే పైన చెప్పిన ఆకుపచ్చ రంగునే తోడు తీసుకుంటారు. ఇది ఎక్కువగా పరిశోధనశాలల్లోనే ఉంది, ఆసుపత్రుల్లోకి ఇప్పుడిప్పుడే అడుగుపెడుతున్నది.

మన ఇళ్ళలో వచ్చే రెండు సందేహాలు

ఉపవాసంలో ఈ సూది వేయించుకోవచ్చునా అని అడుగుతుంటారు. పోషకాహారం కాని మందు నరం ద్వారా ఎక్కించినంత మాత్రాన ఉపవాసం భంగం కాదని సమకాలీన ఉలమాలలో అధికుల అభిప్రాయం. ఆపైన రోగికి ఉపవాసాన్ని వాయిదా వేసుకునే సౌలభ్యం ఉండనే ఉంది. రమజాన్ పేరుతో కంటి పరీక్షను నెలరోజులు వెనక్కి నెట్టడం సరికాదు.

మందు దేనితో చేశారన్నది రెండవ సందేహం. బుడగల పైపొర ఎక్కువ మందులలో కొవ్వు పదార్థం. 1997లో అమెరికాలో అనుమతి పొందిన ఆప్టిసాన్ అనే దానిలో మాత్రం మానవ రక్తం నుండి తీసిన ఆల్బుమిన్. అడిగితే వైద్యులు చెబుతారు. సందేహం మిగిలితే వైద్యవిషయాలు తెలిసిన ముఫ్తీని అడగండి. అడగకుండా ఊహించుకుని పరీక్ష మానుకోవడం ధర్మభీతి కాదు.

సంతకానికి ముందు నాలుగు ప్రశ్నలు

మేము నేర్చుకున్న దాని సారాంశం ఇది. డై అన్న మాట వినబడగానే భయపడవద్దు, కళ్ళు మూసుకుని సంతకమూ చేయవద్దు. నాలుగు ప్రశ్నలు మర్యాదగా అడగండి.

ఒకటి: ఈ డై పేరేమిటి, ఏ పరీక్ష కోసం? రెండు: ఇది శరీరం నుండి ఏ దారిన బయటికి పోతుంది, మూత్రపిండాలా, కాలేయమా, ఊపిరా? మూడు: నాకున్న జబ్బులకు, అలర్జీలకు, గర్భానికి, పాలిచ్చే బిడ్డకు దీనితో ఇబ్బంది ఉన్నదా? నాలుగు: ఈ పరీక్ష చేయించకపోతే ఏమి తెలియకుండా పోతుంది?

చివరి ప్రశ్న అన్నిటికన్నా ముఖ్యమైనది. ఆనాడు మా గదిలో మేము అడగనిది అదే.

ఆసుపత్రులవారికి కూడా ఒక మనవి. ఇంగ్లీషు కాగితం చేతికిచ్చి సంతకం చేయమనడం అనుమతి తీసుకోవడం కాదు. రెండు నిమిషాలు తెలుగులోనో, ఉర్దూలోనో చెప్పండి. ‘ఒళ్ళు పసుపుగా కనబడుతుంది, రేపటికి పోతుంది’ అన్న ఒక్క వాక్యం ఒక ఇంటి ఏడుపును ఆపగలదు. ఇక మసీదులో, మదరసాలో కూర్చున్న మావంటివారికి మనవి: తెలియని విషయం అడిగినప్పుడు తెలియదని చెప్పడం మన విద్యకు అవమానం కాదు. చేయి పట్టుకుని తెలిసినవారి దగ్గరకు తీసుకువెళ్ళడం మన బాధ్యత.

మా దర్జీ సోదరుని ఎడమ కంటికి ఫోటోలు తీసి, లేజర్ చేశారు. ఆ చూపు నిలిచింది. కుట్టుపని ఇప్పటికీ చేస్తున్నారు, సూదిలో దారం మాత్రం చిన్న కొడుకు ఎక్కించి ఇస్తాడు. ఆరు నెలలకొకసారి ఆయనను కంటి పరీక్షకు తీసుకువెళ్ళేది మేమే. పోయిన నెల అక్కడ వరుసలో కూర్చున్న ఒక వృద్ధురాలు డై అని విని లేచి వెళ్ళిపోబోతుంటే, ఆయన ఆమెను కూర్చోబెట్టి, “ఏ డై అమ్మా? ముందు పేరు అడుగుదాం ఉండండి” అన్నారు.